లెగో సినిమా పిల్లలకి వేద్దామంటే "గంటా నలభై నిమిషాల ప్రకటన" అంటున్నారు మా బావగారు

రాజోలు_పిన్ని
అందరికీ నమస్కారమండి. సెలవులకి మా ఇంటికి పిల్లలంతా దిగారు. మా వాళ్ళిద్దరూ, ఆడపడుచు గారి పిల్లలూ, పక్కింటి కవలలూ. నాలుగేళ్ళ బుడ్డోడి నుంచి పదమూడేళ్ళ పెద్దమ్మాయి దాకా అన్ని సైజులూ ఉన్నాయి. పగలంతా మామిడి తోటలో గడిచిపోతోంది గానీ చీకటి పడేసరికి ఫోన్ల కోసం జుట్లు పట్టుకుంటున్నారు. మా తమ్ముడు హైదరాబాద్ నుంచి వస్తూ చిన్న ప్రొజెక్టర్ తెచ్చాడు. మేడ మీద తెల్ల దుప్పటి కట్టి శనివారం రాత్రి సినిమా వేద్దామనుకున్నాం.

పిల్లలు ఓటేసుకుని 2014లో వచ్చిన ది లెగో మూవీ కావాలన్నారు. అదేనండి, ఒకదానికొకటి తగిలించి ఇళ్ళూ బళ్ళూ కట్టుకునే లెగో ప్లాస్టిక్ ముక్కల మీద తీసిన యానిమేషన్ సినిమా. అక్కడ మా బావగారు అడ్డం పడ్డారు. "బొమ్మల కంపెనీ ప్రకటన అది. గంటా నలభై నిమిషాలు కూర్చోబెట్టి చూపిస్తావు, సోమవారం నుంచి ఆ డబ్బా కొనమని నా ప్రాణం తీస్తారు" అని. ఆయన మాట కొట్టిపారేయలేను, బిల్లు కట్టేది ఆయనే కదా.

చూసినవాళ్ళు చెప్పండి. వేయొచ్చా? ఇంగ్లీషు సినిమా, చిన్నవాళ్ళకి అర్థమవుతుందా?

తణుకు_కుర్రాడు
వేసెయ్యండి పిన్నీ. ఆలోచించకండి.

భీమవరం_బాబాయి
ఆలోచించాలి తమ్ముడూ. నేను మీ బావగారి పార్టీ అమ్మా.

బొమ్మ ముందు, సినిమా తర్వాత పుట్టిందంటేనే నాకు అనుమానం. అమెరికాలో ఈ వ్యాపారం ఎలా మొదలైందో చూడండి. 1983లో మాటెల్ అనే బొమ్మల కంపెనీ వాళ్ళ హీ-మ్యాన్ బొమ్మలు అమ్ముడుపోవడానికి టీవీ కార్టూన్ వచ్చింది. పిల్లల కార్యక్రమాల్లో ప్రకటనల మీద ఉన్న పరిమితుల్ని 1984లో అక్కడి ప్రసారాల కమిషన్ ఎత్తేసింది. ఇంకేముంది, గేట్లు ఎత్తేసినట్టే. అదే ఏడాది హాస్‌బ్రో కంపెనీ, జపాన్ టకారా వాళ్ళ దగ్గర తీసుకున్న బొమ్మలకి ట్రాన్స్‌ఫార్మర్స్ అని పేరు పెట్టి, కార్టూన్ తీయించి మరీ దింపింది.

1986లో దాని మీద యానిమేషన్ సినిమా వచ్చింది. పిల్లలు ప్రాణంగా చూసుకునే హీరో రోబో ఆప్టిమస్ ప్రైమ్‌ని అందులో చంపేశారు. కథకి అవసరమై కాదు. పాత బొమ్మల వరస దింపేసి కొత్త వరస షాపుల్లో పెట్టాలి, అంతే. హాల్లో పిల్లలు గొల్లుమన్నారు. ఎంత గోలైందంటే తర్వాతి ఏడాది జీఐ జో అనే సైనికుల బొమ్మల సినిమాలో చావాల్సిన డ్యూక్ అనే పాత్రని కోమాలోకి పంపించి సరిపెట్టారు.

బొమ్మల దుకాణం చేసే కథ ఇలా ఉంటుంది. సరుకు మారితే హీరో పోతాడు.

తణుకు_కుర్రాడు
బాబాయ్ గారూ, మీరు చెప్పింది ట్రాన్స్‌ఫార్మర్స్ గురించి. లెగో సినిమా మీరు చూశారా?

భీమవరం_బాబాయి
సగం చూశా. మా మనవడి పక్కన కూర్చుని. చేపల చెరువు దగ్గర ఏరియేటర్ ఆగిపోయిందని ఫోనొస్తే లేచి వెళ్ళిపోయా.

అమలాపురం_డ్రాయింగ్_మాస్టారు
మీరు లేచెళ్ళిపోయిన సగంలోనే అసలు సంగతి ఉంది బాబాయి గారూ.

కథ టూకీగా చెబుతాను. ఎమ్మెట్ అని ఒక మామూలు కూలీ. ఇళ్ళు కట్టే పని. పొద్దున్న లేవడం నుంచి రాత్రి పడుకోవడం దాకా అంతా పుస్తకంలో రాసినట్టే చేస్తాడు. అందరూ పాడే పాటే పాడతాడు, అందరూ చూసే కార్యక్రమమే చూస్తాడు. ఆ ఊరిని ఏలే లార్డ్ బిజినెస్‌కి ఒక పిచ్చి: లోకంలో ఏ ముక్కా తన చోటు నుంచి కదలకూడదు. అందుకు ‘క్రాగిల్’ అనే మహాయుధం సిద్ధం చేస్తాడు. తీరా చూస్తే అది జిగురు ట్యూబు, మీద అక్షరాలు కొన్ని చెరిగిపోయాయి, అంతే! ఎమ్మెట్ వీపుకి అతుక్కున్న మహిమ గల వస్తువు ఆ ట్యూబు మూతే.

చివర్లో తెర మీదకి నిజం మనుషులు వస్తారు. ఈ లోకమంతా ఒక ఇంటి నేలమాళిగలో తండ్రి కట్టుకున్న లెగో ఊరు. కొడుకు వాటితో ఆడుతున్నాడు. తండ్రి వచ్చి, ముట్టుకోవద్దన్నానా అని అన్నీ యథాస్థానంలో పెట్టి జిగురు పూయబోతాడు. విలన్‌కి గొంతిచ్చిన విల్ ఫెరెల్ అనే నటుడే ఆ తండ్రి కూడా. అంటే మనం చూసిన యుద్ధమంతా ఆ పిల్లాడు తన తండ్రి గురించి అల్లుకున్న కథ.

బొమ్మ కొన్నవాడిదా, ఆడుకునేవాడిదా? సినిమా అడిగే ప్రశ్న అది. ఆ కంపెనీకి బాగా డబ్బులిచ్చే గిరాకీల్లో ఇలా సెట్లు కట్టి అద్దాల్లో పెట్టుకునే పెద్దవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళనే విలన్‌గా నిలబెట్టి తీసిన ప్రకటన ఎక్కడైనా చూశారా?

కొత్తపేట_కోడలు
మాస్టారూ!!! క్లైమాక్స్ మొత్తం చెప్పేశారు. ఈ వారమే చూద్దామనుకున్నాను.

నిర్వాహకుడు
సినిమా వచ్చి పదేళ్ళు దాటింది కాబట్టి పోస్టు తీసేయడం లేదు. ఇకపై ముగింపు చెప్పేవాళ్ళు పైన ఒక హెచ్చరిక పెట్టండి. మాస్టారు గారూ, మీరు కూడా.

అమలాపురం_డ్రాయింగ్_మాస్టారు
అలాగే. అయినా అమ్మా, ముగింపు తెలిసి చూసినా పోయేదేం లేదు. రాముడు గెలుస్తాడని తెలిసే కదా మనవాళ్ళు తెల్లవార్లూ తోలుబొమ్మలాట చూసింది. కాకినాడ దగ్గర మాధవపట్నం వాళ్ళ ఆట చూశారా ఎప్పుడైనా? రామాయణం మంచి పట్టులో ఉండగా జుట్టుపోలిగాడూ బంగారక్కా నవ్వించడానికి వచ్చి పడతారే, ఈ సినిమాలో బ్యాట్‌మాన్ రావడం అచ్చం అలాగే ఉంటుంది. షేక్స్‌పియర్, అబ్రహాం లింకన్ కూడా ఒకే సభలో కూర్చుంటారు.

అత్తిలి_అమ్మ
మాస్టారు జిగురు మాట ఎత్తారు గాబట్టి మా ఇంటి సంగతి చెప్పాలి.

మా మరిది డల్లాస్ నుంచి మా వాడికి లెగో కారు పంపాడు. పెద్ద డబ్బా. వాడు స్కూలు నుంచి వచ్చేలోపు మా ఆయన విప్పేసి, పుస్తకం ముందేసుకుని, రాత్రంతా కూర్చుని కట్టేశారు. ఊడిపోతాయేమోనని ఫెవిక్విక్ పెట్టారు. చక్రాలక్కూడా పెట్టేశారండి! ఇప్పుడా కారు తిరగదు. షోకేసులో ఏటికొప్పాక లక్కపిడతల పక్కన, కొండపల్లి ఏనుగంబారీ వెనకాల ఉంది. మా వాడు అద్దానికి ముక్కు ఆనించి చూస్తాడు. ఆ ముక్కు మరక రోజూ తుడవడం నా పని.

అసలు మన ఇళ్ళలో బొమ్మంటే ముట్టుకోకూడనిదే. సంక్రాంతికి బొమ్మల కొలువు పెడితే మా అమ్మమ్మ మెట్ల ముందు కర్ర పట్టుకుని కూర్చునేది. పేరంటాళ్ళు చూడాలి, పిల్లలు దూరంగా ఉండాలి. కొలువు ఎత్తేసే రోజు మాత్రం ఒక్కో బొమ్మ తుడిచి పాత చీర ముక్కలో చుట్టే పని మాకిచ్చేది. ఆ కాసేపే మా చేతికొచ్చేవి. చుట్టడానికి ఎంత ఆలస్యం చేసేవాళ్ళమో.

తణుకు_కుర్రాడు
చక్రాలకి ఫెవిక్విక్ 😂😂 అక్కా, మీ ఆయనకి ఈ సినిమా చూపించారా?

అత్తిలి_అమ్మ
చూపించా. "ఆ తండ్రి చెప్పినదాంట్లో తప్పేముంది" అన్నారు.

యానాం_యానిమేటర్
హైదరాబాద్‌లో ఒక స్టూడియోలో పని చేస్తాను, ఈ సినిమా మా వాళ్ళందరికీ పాఠ్యపుస్తకం లాంటిది, అంచేత నేనూ ఒక రాయి వేస్తా. కథ సంగతి మాస్టారికి వదిలేసి పనితనం చెబుతాను.

చూస్తే నిజం బొమ్మల్ని కొంచెం కొంచెం కదుపుతూ ఫొటోలు తీసినట్టుంటుంది గానీ దాదాపు అంతా కంప్యూటర్‌లో చేసిందే. ఆస్ట్రేలియాలో సిడ్నీలోని యానిమల్ లాజిక్ అనే సంస్థ చేసింది. దర్శకులు ఫిల్ లార్డ్, క్రిస్టఫర్ మిల్లర్ పెట్టుకున్న నియమం ఒక్కటే: తెర మీద కనిపించేది ఏదైనా లెగో ముక్కలతో కట్టగలిగేదై ఉండాలి. ఇల్లూ కారూ సరే. పొగ కూడా ముక్కలే, మంట ముక్కలే, తుపాకీ పేలితే ఎగిరే నిప్పురవ్వ కూడా ముక్కే. సముద్రం సీను వచ్చినప్పుడు పిల్లల్ని కాస్త ఆగి చూడమనండి. అలంతా చిన్న చిన్న నీలం పలకలు. అవి లేస్తూ పడుతూ ఉంటే పైన తెల్ల ముక్కల నురగ. ఒక్కో పలకనీ విడిగా లెక్కేసి కదిపారు.

లెగో మనిషికి మోచెయ్యి వంగదు, మోకాలు వంగదు. తుంటి దగ్గర, భుజం దగ్గర, మణికట్టు దగ్గర తిరుగుతాడు, తల అటూ ఇటూ తిప్పుతాడు, అంతే. వేరేవాళ్ళయితే సినిమా కోసం రబ్బరులా వంచేసేవాళ్ళు. వీళ్ళు వంచలేదు. ఆ బిగుసుకుపోయిన కాళ్ళతో పరిగెత్తించారు, నవ్వు అక్కడే పుట్టింది. వస్తువు వేగంగా కదిలితే మేం మామూలుగా మసక పెడతాం. ఇందులో మసక బదులు కూడా రంగు రంగుల ముక్కలు పేర్చారు.

నాకు మరీ ఇష్టమైంది ప్లాస్టిక్ పాతదనం. బొమ్మల మీద వేలిముద్రలుంటాయి, గీతలుంటాయి, అచ్చు పోసిన అతుకు గీత కనిపిస్తుంది. బెన్నీ అని 1980ల నాటి నీలం అంతరిక్ష బొమ్మ ఉంటాడు, వాడి హెల్మెట్ గడ్డం దగ్గర విరిగి ఉంటుంది. నిజం బొమ్మలకి కూడా సరిగ్గా అక్కడే విరిగేది, అక్కడ ప్లాస్టిక్ మరీ పల్చన. గుండె మీద అచ్చువేసిన బొమ్మ అరిగిపోయి ఉంటుంది. పిల్లాడు ఏళ్ళ తరబడి ఆడుకున్న బొమ్మ అని ఒక్క మాట చెప్పకుండా చూపించారు.

ఇంత చేస్తే 2015 ఆస్కార్లలో యానిమేషన్ చిత్రాల జాబితాలోకి కూడా తీసుకోలేదు! పాటకి మాత్రం నామినేషన్ ఇచ్చారు. బ్రిటన్‌లో బాఫ్టా వాళ్ళు ఉత్తమ యానిమేషన్ చిత్రం అవార్డిచ్చారు. ఫిల్ లార్డ్ మాత్రం లెగో ముక్కలతో కట్టిన ఆస్కార్ ప్రతిమ ఫొటో ఒకటి పెట్టి ఊరుకున్నాడు.

భీమవరం_బాబాయి
పనితనం కాదనలేదు బాబూ. వార్నర్ బ్రదర్స్ వాళ్ళకి 6 కోట్ల డాలర్ల పైచిలుకు ఖర్చయితే ప్రపంచమంతా కలిపి 46 కోట్ల డాలర్లకి పైగా వచ్చాయి, పనితనం లేకుండా వస్తాయా.

నా ప్రశ్న వేరు. పుస్తకం చూసి కట్టకు, నీ బుర్రతో కట్టు అని కథ చెబుతోందంటున్నారు. సినిమాతోపాటే ఆ సినిమా పేరుతో సెట్లు షాపుల్లోకి వచ్చాయి. ఆ డబ్బా విప్పితే లోపల ఏముంటుంది? ఏ ముక్క ఎక్కడ పెట్టాలో బొమ్మలేసి చూపించే పుస్తకం! దీనికి ఏమంటారు మాస్టారూ?

అమలాపురం_డ్రాయింగ్_మాస్టారు
అడగాల్సిన ప్రశ్నే అడిగారు. దానికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. సగం ఉంది.

(కొత్తపేట కోడలు గారూ, ఇక్కడ కళ్ళు మూసుకోండి.) సినిమా కూడా పుస్తకాన్ని పూర్తిగా తిట్టదు. మధ్యలో మాస్టర్ బిల్డర్లంతా, అంటే ముక్కలతో ఏదైనా కట్టేసే మొనగాళ్ళంతా కలిసి ఒక జలాంతర్గామి కడతారు. ఎవడి బుర్రకి తోచింది వాడు కడతాడు, ఒకడి ముక్కకీ ఇంకొకడి ముక్కకీ పొంతన ఉండదు. అది నీళ్ళలో ముక్కలైపోతుంది. అప్పుడు ఎమ్మెట్టే చెబుతాడు, ఒక ప్లాను ప్రకారం అందరం కలిసి చేద్దామని. జీవితమంతా పుస్తకం చూసి కట్టినవాడు గనక ఆ విద్య వాడికే వచ్చు.

ముప్పై ఏళ్ళు పిల్లలకి బొమ్మలు వేయడం నేర్పాను. మామిడికాయ చూసి మామిడికాయ వేయడం రాకుండా ఏదేదో గీసేసి ‘నా ఊహ సార్’ అనేవాళ్ళని చూశాను. నేను వేసిన మామిడికాయని ఆకు ఈనెతో సహా దించేసి, ఇంకేం వేయమంటారని చేతులు కట్టుకుని నిలబడేవాళ్ళనీ చూశాను. రెండో రకానికే ఎక్కువ మార్కులు వేశాం బళ్ళలో.

ఇంకో లెక్క చెబుతా. రెండు వరసల్లో నాలుగేసి బొడిపెలుండే మామూలు లెగో ముక్కలు ఒకే రంగువి రెండు తీసుకుంటే 24 రకాలుగా తగిలించవచ్చు. ఆరు తీసుకుంటే? 91,51,03,765 రకాలు. గణిత శాస్త్రజ్ఞులు కంప్యూటర్ పెట్టి లెక్క కట్టారు. డబ్బాలో పుస్తకం చూపించేది అందులో ఒక్కటి.

ముమ్మిడివరం_మామ
మీరు కోట్ల లెక్కలు చెబుతున్నారు, నేను రూపాయల లెక్క చెబుతా. కిరాణా కొట్టుతోపాటు బొమ్మలు కూడా పెట్టి అమ్మినోణ్ణి.

పైదేశం నుంచి వచ్చే బొమ్మల మీద మన కస్టమ్స్ సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి ఎక్కింది. 2023 బడ్జెట్లో 70 అయింది. దానికి తోడు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు లేకుండా బొమ్మ అమ్మకూడదు. చేతిపనివాళ్ళకి, ఏటికొప్పాక లాంటి భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలకి మినహాయింపు ఇచ్చారు. అంచేత అసలు లెగో డబ్బా రేటు చూసి మీ బావగారు భయపడ్డారంటే అర్థం ఉంది రాజోలు పిన్ని గారూ.

ఆ ముక్క మీద పేటెంటు 1958 నాటిది, గడువు ఎప్పుడో తీరిపోయింది. అందుకే దానికి సరిపోయే ముక్కలు వేరే కంపెనీలు చేసి అమ్మడం నేరం కాదు. లెగో పేరూ, గుర్తూ వాడితేనే నేరం. మన జగ్గన్నతోట ప్రభల తీర్థంలో, అంతర్వేది తీర్థంలో పట్టా పరిచి అమ్మే ముక్కల సంచులు ఈ రకమే. కొన్ని బాగానే కూర్చుంటాయి. కొన్ని మొదటి రోజు బిగుసుకుపోయి, రెండో రోజు వదులైపోతాయి. అసలు ముక్కల గొప్పతనం అక్కడుంది, ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్‌తో వెంట్రుకవాసి తేడా లేకుండా అచ్చు పోస్తారు. 1958 నాటి ముక్క ఇవాళ్టి ముక్కకి తగులుతుంది.

కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తు చూడండి. మూడేళ్ళ లోపు పిల్లలున్న ఇంట్లో చిన్న ముక్కలు వద్దు, నోట్లో పెట్టుకుంటారు. వాళ్ళకి పొడవూ వెడల్పూ ఎత్తూ రెట్టింపు ఉండే డూప్లో ముక్కలున్నాయి. 1969 నుంచి చేస్తున్నారు.

పాశర్లపూడి_లంక
ఆ పాట సంగతి ఎవరూ చెప్పలేదేంటి? అంతా అద్భుతం, అంతా భేషు అని ఊరంతా పాడే పాట. సినిమా వచ్చిన ఏడాదే, 2014 జులైలో, గ్రీన్‌పీస్ అనే పర్యావరణ సంస్థ వాళ్ళు దాన్ని తిప్పికొట్టారు. లెగోకి షెల్ చమురు కంపెనీతో ఏళ్ళ తరబడి ఒప్పందం ఉండేది, షెల్ గుర్తున్న బొమ్మ బళ్ళు బంకుల్లో ఇచ్చేవాళ్ళు. గ్రీన్‌పీస్ వాళ్ళు లెగో ముక్కలతో ఆర్కిటిక్ మంచు ప్రాంతం కట్టి, దాన్ని నల్లటి చమురుతో నింపేస్తూ, వెనకాల ఆ పాటనే నెమ్మదిగా ఏడుపు రాగంలో పెట్టారు. బొమ్మలన్నీ ఒక్కొక్కటే మునిగిపోతాయి. అక్టోబరుకల్లా లెగో ఆ ఒప్పందం ఇక పొడిగించబోమని చెప్పేసింది.

మాది ఏ ఊరో పేరులోనే ఉంది. 1995లో ఇక్కడి గ్యాస్ బావి బ్లోఅవుట్ మంట 65 రోజులు ఆరలేదు. రాత్రిళ్ళు దీపం అక్కర్లేదు మాకు. చమురు కంపెనీ గుర్తు పిల్లల బొమ్మ మీద ఎందుకు అని ఎవరైనా అడిగితే, నేను అడిగినవాళ్ళ వైపే.

బాబాయి గారూ, మీరు ప్రకటన అన్నారే. ప్రకటన పాటే కంపెనీ మెడకి చుట్టుకుంది.

భీమవరం_బాబాయి
ఇది తెలీదు. బావుంది.

యానాం_యానిమేటర్
పిన్ని గారూ, అసలు మీ ప్రశ్నకి వద్దాం. నాలుగేళ్ళ బుడ్డోడు ఉన్నాడన్నారు. రెండు చోట్ల జాగ్రత్త. మంచి పోలీసు, చెడ్డ పోలీసు అని ఒకే తలకి ముందు ఒక మొహం, వెనక ఒక మొహం ఉంటాయి. లార్డ్ బిజినెస్ గోళ్ళరంగు తుడిచే మందు పెట్టి మంచి మొహాన్ని చెరిపేస్తాడు, ఆ పోలీసు తల్లిదండ్రుల్ని జిగురు పెట్టి కదలకుండా చేయిస్తాడు. ఇంకోచోట ముసలి గురువు తల ఊడి పడుతుంది. రక్తం అవీ ఉండవు, ఆయన తర్వాత దెయ్యమై దారానికి వేలాడుతూ వచ్చి నవ్విస్తాడు కూడా. అయినా చిన్నవాడు మీ ఒళ్ళో ఉంటే మంచిది.

అమలాపురం_డ్రాయింగ్_మాస్టారు
ఇంగ్లీషు గురించి బెంగ పెట్టుకోకండి. మొదలెట్టే ముందు ఎవరు ఎవరో ఐదు నిమిషాలు తెలుగులో చెప్పండి: కూలీ వీడు, రాజు వీడు, జిగురు ఇది. మధ్యలో రెండు మూడు చోట్ల ఆపి, ఇప్పుడేం జరుగుతుందో చెప్పమని పిల్లల్నే అడగండి. పదమూడేళ్ళ అమ్మాయికి ఆ పని అప్పగిస్తే ఇంకా మంచిది. మాటల వేగానికి పెద్దవాళ్ళకే కొన్ని జోకులు అందవు, పిల్లలు బొమ్మ చూసి నవ్వుతారు.

ముమ్మిడివరం_మామ
ఒక్క మాట. మీ మేడ మీద మీ పిల్లలకి వేసుకోండి. వీధిలో తెర కట్టి ఊరందరికీ వేద్దామని ఎవరైనా ఉత్సాహపడితే మాత్రం హక్కులున్నవాళ్ళ అనుమతి తీసుకోవాలి. ఉచితంగా వేసినా సరే.

రాజోలు_పిన్ని
వేశామండి!

గాలికి దుప్పటి కదులుతుంటే అడుగున ఇటుకలు కట్టాం. మా పెద్దమ్మాయి మాస్టారు చెప్పినట్టు కథ చెప్పింది, లార్డ్ బిజినెస్‌ని వాళ్ళ హెడ్మాస్టర్ గొంతుతో చెప్పేసరికి సగం సినిమా అక్కడే అయిపోయింది. బుడ్డోడు పోలీసు మొహం చెరిపినప్పుడు ఏడ్చాడు, యానాం బాబు చెప్పింది నిజమే. కవలలకి మాత్రం రెండు అంతస్తుల సోఫా పిచ్చెక్కించింది. ఎందుకూ పనికిరాదని అందరూ తిట్టిన ఎమ్మెట్ సోఫా చివరికి నీళ్ళ మీద తేలి అందర్నీ కాపాడుతుంది కదా, అక్కడ ఒకటే ఈలలు.

మా బావగారు పది నిమిషాలు చూసి పడుకుంటానన్నారు. కుర్చీ కదల్లేదు. నేలమాళిగలో తండ్రి వచ్చినప్పుడు "ఓరి వీడి దుంపతెగ" అన్నారు. అయ్యాక ఏమన్నా మెచ్చుకుంటారేమోనని చూశా. "ప్రకటన బాగా తీశాడు" అని చెప్పులేసుకుని కిందకి దిగిపోయారు.

మర్నాడు సంగతి కూడా చెప్పాలి. ముంజికాయలు కొట్టించాం. తినేశాక ఎప్పుడూ చేసే బండే చేశారు: రెండు డొక్కలకి అడ్డంగా పుల్ల గుచ్చి, పంగల కర్ర పెట్టి తోసుకుపోవడం. ఈసారి కవలలు ఆ రెండింటితో ఆగలేదు. ఇంకో ఇరుసు తగిలించారు, పైన కొబ్బరిమట్ట ముక్క కట్టారు, దాని మీద మళ్ళీ ఇంకో మట్ట. రెండు అంతస్తుల బండి! నాలుగడుగులు వెళ్ళి విరిగింది. ఈనెలు పెట్టి కుట్టారు, మళ్ళీ విరిగింది. సాయంత్రం దాకా అదే పని. కింది డొక్క మెత్తబడి పుల్ల నిలవడం లేదని తేల్చి, పచ్చిది కావాలని నా పీక మీద కూర్చున్నారు.

భీమవరం_బాబాయి
డబ్బా అడగలేదా మరి?

రాజోలు_పిన్ని
అడిగారండి. ఇద్దరు అడిగారు. అందులో ఒకడు సరిగ్గా మా బావగారి కొడుకే.

భీమవరం_బాబాయి
చూశారా!! నేను చెప్పలే.

తణుకు_కుర్రాడు
ఎనిమిది మందిలో ఇద్దరంటే ప్రకటన ఫెయిలైనట్టే కదా బాబాయ్ గారూ.

భీమవరం_బాబాయి
నీకు వ్యాపారం తెలీదు తమ్ముడూ. వందకి పాతిక మంది అడిగితే ఆ కంపెనీ పండగ చేసుకుంటుంది.

కొత్తపేట_కోడలు
నేనూ చూసేశాను, ముగింపు తెలిసి కూడా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వచ్చే వారం ఏం వేయొచ్చు? ఇలాంటివే ఇంకేం ఉన్నాయి? మా పాప ట్రోల్స్ అంటోంది.

యానాం_యానిమేటర్
ట్రోల్స్ 2016లో వచ్చింది, డ్రీమ్‌వర్క్స్ వాళ్ళది. ఆ జుట్టు బొమ్మలు 1959లో థామస్ డామ్ అనే డెన్మార్క్ ఆయన చేసినవి. లెగో మొదలెట్టిన ఓలే కిర్క్ క్రిస్టియాన్సెన్‌ది కూడా డెన్మార్కే, ఆయన వడ్రంగి, 1932లో చెక్క బొమ్మలతో మొదలెట్టాడు. ట్రోల్స్ రంగులూ పాటలూ బావుంటాయి, కథ మామూలే. బొమ్మలకి ముందే పెట్టిన కథంటూ పెద్దగా లేదు కాబట్టి హాయిగా అల్లుకున్నారు.

ప్లేమొబిల్ సినిమా 2019ది మాత్రం వద్దు. లెగో సినిమాని చూసి వాత పెట్టుకున్నారు, థియేటర్లలో ఘోరంగా పోయింది. దాంట్లో బొమ్మలు బొమ్మల్లా అనిపించవు, ఆ ప్లాస్టిక్ బరువు తెలీదు. లెగో బ్యాట్‌మాన్ 2017 వేసుకోండి, మొదటి సినిమాకి యానిమేషన్ పర్యవేక్షించిన క్రిస్ మెకే దర్శకత్వం. ఒంటరిగా తినే బ్యాట్‌మాన్‌ని చూసి పిల్లలు నవ్వుతారు, పెద్దవాళ్ళకి కొంచెం గుచ్చుకుంటుంది.

తణుకు_కుర్రాడు
టాయ్ స్టోరీ?

యానాం_యానిమేటర్
అది ఒక బ్రాండ్ కోసం తీసింది కాదు తమ్ముడూ. వుడీ, బజ్ సినిమా కోసం పుట్టినవాళ్ళే. పక్కన మిస్టర్ పొటాటో హెడ్ లాంటి నిజం బొమ్మలున్నాయి. 1995లో బార్బీని అడిగితే మాటెల్ ఇవ్వలేదు. సినిమా ఆడాక 1999 రెండో భాగంలోకి పంపింది.

భీమవరం_బాబాయి
హహ్హ. దీన్ని మాత్రం నా ఖాతాలో వేసుకుంటా.

అత్తిలి_అమ్మ
లెగో మూవీ రెండో భాగం, 2019ది, మేం నిన్న చూశాం. మొదటి దాంట్లో తండ్రీ కొడుకుల గొడవైతే ఇందులో అన్నాచెల్లెళ్ళది. చెల్లెలి బొమ్మలు అన్న ఊరి మీదకి దండెత్తుతాయి. వాళ్ళు కొట్టుకోవడం ఆపకపోతే బొమ్మలన్నీ డబ్బాలో పడేసి మూత పెట్టేస్తానని తల్లి బెదిరిస్తుంది. బొమ్మలకి అది ప్రళయం.

మా వాడు ఆవిడని రాక్షసి అన్నాడు. వాడికేం తెలుసు. ఆ ముక్కలు ఏరేది ఎవరు, కరెంటు పోయినప్పుడు చీకట్లో వాటి మీద కాలేసేది ఎవరు? నేను పూర్తిగా ఆవిడ పక్షం.

రాజోలు_పిన్ని
అయితే వచ్చే శనివారం అదే వేస్తా. మా ఆడపడుచుని ముందు వరసలో కూర్చోబెడతా.

తణుకు_కుర్రాడు
అక్కా, షోకేసులో కారు సంగతేమైంది?

అత్తిలి_అమ్మ
మా వాడు అసిటోన్ పెట్టి చక్రాలు ఊడదీద్దామని నన్ను అడిగాడు, గోళ్ళరంగు తుడిచే మందు సీసా పట్టుకుని. సినిమాలో చూశాడుగా.

ముమ్మిడివరం_మామ
వద్దు తల్లీ! అసిటోన్ తగిలితే ఏబీఎస్ ప్లాస్టిక్ కరిగిపోతుంది. జిగురు కంటే ముందు కారు పోతుంది. చక్రాలు విడిగా దొరుకుతాయి, కొత్తవి కొనండి. కొలత చెబితే మా కొట్లో చూస్తా.